విచిటాలో మంటలు పదిహేను నిమిషాలే, చూడవలసింది పూటంతా

అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో చూడదగ్గది ఏముందని అక్కడ చదువుకునే మన పిల్లలను అడగండి. "కీపర్" అంటారు. ఆర్కాన్సస్, లిటిల్ ఆర్కాన్సస్ నదులు కలిసే చోట చేతులు పైకెత్తి నిలబడ్డ పెద్ద ఉక్కు విగ్రహం, రాత్రి దాని చుట్టూ మంటలు, నాలుగు ఫొటోలు, ఆపైన పిజ్జా. మా అక్క కొడుకు విచిటా స్టేట్ యూనివర్సిటీలో విమానాల ఇంజినీరింగ్ చదువుతున్నాడు. "మామయ్యా, రాత్రి తొమ్మిదింటికి వెళితే చాలు, పదిహేను నిమిషాల పని" అని ఫోన్లోనే తేల్చేశాడు. వాడు చెప్పినట్టే చూసి వచ్చేస్తే ఆ చోటు సగం కూడా చూసినట్టు కాదు. మంటలు బాగానే ఉంటాయి, కాదనను. కానీ పగలు అక్కడి మ్యూజియం చూడకుండా, ఆ నేల ఎవరిదో తెలుసుకోకుండా రాత్రి మంటల దగ్గరికి వెళితే అది బాణసంచా చూసినట్టే ఉంటుంది.

మాది డాలస్ దగ్గర. అక్కడి నుంచి విచిటాకు కారులో అయిదున్నర గంటలు. ఓక్లహోమా సిటీ మీదుగా ముప్పై అయిదో నంబరు రహదారి పట్టుకుంటే దారి తప్పడానికి కూడా వీలుండదు. కాన్సస్‌లో అడుగు పెట్టగానే అదే రోడ్డు టోల్ రోడ్డవుతుంది. ఇప్పుడు అక్కడ నగదు తీసుకునే గేట్లు లేవు. కారు నంబరును ఫొటో తీసి బిల్లు ఇంటికి పంపిస్తారు. విమానంలో రావాలంటే డాలస్, డెన్వర్, షికాగోల మీదుగా రావచ్చు. రైలు మాత్రం ఊళ్లోకి రాదు. ఆమ్‌ట్రాక్ బండి ఉత్తరాన న్యూటన్ దాకానే వస్తుంది, అదీ నడిరాత్రి వేళల్లో. వెంట పెద్దవాళ్లుంటే ఆ ఆలోచన పెట్టుకోకండి. నా వెంట మా అమ్మ ఉంది, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. కాబట్టి ఈ రాతలో మెట్లు, ఏటవాలు దారులు, కూర్చునే బల్లల సంగతి కాస్త ఎక్కువగానే ఉంటుంది.

బస విషయంలో మాకు రెండు రకాల అనుభవమూ అయింది. మొదటి రాత్రి డబ్బు కలిసొస్తుందని విమానాశ్రయం వైపు ఒక చవక మోటెల్ తీసుకున్నాం. గదిలో సిగరెట్ వాసన, రాత్రంతా రొద పెట్టే ఏసీ. పొద్దున ఫలహారమని రాశారు గానీ అక్కడ ఉన్నది చల్లారిన బ్రెడ్డు, అడుగంటిన కాఫీ. గది మార్చమంటే ఖాళీ లేదన్నారు. మర్నాడు నది ఒడ్డునే డగ్లస్ అవెన్యూ మీద ఉన్న డ్రూరీ ప్లాజా బ్రాడ్‌వ్యూకు మారాం. 1922లో కట్టిన పాత హోటల్ అది, తర్వాత బాగుచేసి నడుపుతున్నారు. అద్దె మోటెల్ కంటే బాగా ఎక్కువే. అయితే ఫలహారం, సాయంత్రం తినడానికి ఏదో ఒకటి అద్దెలోనే కలిసి వస్తాయి. శాకాహారులకు బంగాళదుంపలు, సలాడ్ దొరుకుతాయి, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. అసలు లాభం వేరే ఉంది. గది దిగి నది పక్క కాలిబాట పట్టుకుంటే ఉత్తరంగా మైలు దూరంలోనే విగ్రహం. మధ్యలో బల్లలున్నాయి కాబట్టి అమ్మ ఆగుతూ ఆగుతూ నడిచింది.

ఆ హోటల్లో బస చేస్తే బాల్‌రూమ్ తెరిచి ఉందేమో అడగండి. అక్కడ బ్లాక్‌బేర్ బోసిన్ చేసిన పెద్ద కుడ్యచిత్రం ఉంది. దాని విషయం కాన్సస్‌లో "నాగరికత ముందుకు సాగడం". నది దగ్గరి విగ్రహాన్ని రూపొందించింది కూడా ఈయనే. ఆయన కియోవా, కమాంచీ జాతుల సంతతి. 1921లో ఓక్లహోమాలోని అనడార్కో ప్రాంతంలో పుట్టాడు. బొమ్మలు వేయడం సొంతంగా నేర్చుకున్నాడు. విచిటాకు వచ్చి కొంతకాలం బోయింగ్‌లో పనిచేశాడు. కార్చిచ్చుకు ముందు పరుగులు తీస్తున్న గుర్రాలనూ జింకలనూ చూపే ఆయన చిత్రం "ప్రైరీ ఫైర్" ఇప్పుడు టల్సాలోని ఫిల్‌బ్రూక్ మ్యూజియంలో ఉంది. 1980లో పోయాడు. ఒక ఆదివాసి చిత్రకారుడికి బాల్‌రూమ్ గోడ మీద "నాగరికత ముందుకు సాగడం" గీసే పని రావడమేమిటో, దాన్ని ఆయన ఏ మనసుతో గీశాడో అని ఆ గోడ ముందు నిలబడితే అనిపించక మానదు.

మ్యూజియం పేరు మిడ్-అమెరికా ఆల్-ఇండియన్ మ్యూజియం. రెండు నదులు కలిసే మొన మీద, విగ్రహానికి అడుగుల దూరంలో ఉంటుంది. ఈ భవనం 1976లో తెరుచుకుంది. పార్కింగ్ ఉచితం. లోపలికి టికెట్ ఉంది. ఆదివారం, సోమవారం మూసి ఉంటుంది, మిగతా రోజుల్లో సాయంత్రం నాలుగుకే తలుపులు వేస్తారు. వారాంతం యాత్ర చేసేవాళ్లు శనివారం పగలు దీనికే కేటాయించుకోవాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. మంటల కోసం రాత్రి వస్తారు, మర్నాడు ఆదివారం చూద్దామనుకుంటారు, తలుపు తాళం చూసి వెనక్కి పోతారు.

లోపల హంగు తక్కువ. తెరల మీద బొమ్మలు కదలడం, మీటలు నొక్కితే మాటలు రావడం వంటివాటికి అలవాటు పడ్డ పిల్లలు అరగంటకే తెరిచిన తలుపు వైపు చూస్తారు. వాళ్ల కోసం నదికి అవతల ఎక్స్‌ప్లొరేషన్ ప్లేస్ అనే సైన్స్ మ్యూజియం ఉంది, మోషే సఫ్దీ కట్టిన భవనం. పెద్దవాళ్లకు మాత్రం ఇక్కడ చూడవలసింది చాలా ఉంది. హాలు కప్పు నుంచి అయిదు వందలకు పైగా ఆదివాసి జాతుల జెండాలు వేలాడుతుంటాయి. ఒక్కొక్క జెండా కింద నిలబడి చదివితే మెడ పట్టేస్తుంది గానీ "అమెరికా ఇండియన్లు" అని మనం ఒకే గాటన కట్టేసే మాట ఎంత అన్యాయమో అక్కడ కళ్లకు కడుతుంది. బోసిన్ చిత్రాలకు ప్రత్యేకంగా ఒక గది ఉంది. వాటి ముందు నిదానంగా తిరగండి. గుర్రం మెడ మీది జూలును ఆయన ఒక్కొక్క వెంట్రుకగా గీయడు. గాలి ఎటు వీస్తే అటు సాగిన ఒకే రంగు పట్టీగా లాగుతాడు. బయట విగ్రహం భుజాల దగ్గర, తల వెనక, ఉక్కు రేకులు సాగిన తీరు సరిగ్గా అలాగే ఉంటుంది. ముందు చిత్రాలు చూసి తర్వాత విగ్రహం దగ్గరికి వెళ్లమని చెప్పేది అందుకే.

ఇప్పుడు ఊరి సంగతి. విచిటా అనేది ఒక ఆదివాసి జాతి పేరు. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో వాళ్లు దక్షిణాన ఇండియన్ టెరిటరీ నుంచి, అంటే నేటి ఓక్లహోమా నుంచి, ఉత్తర సేనల పక్షాన ఉండి పారిపోయి వచ్చి ఈ నదుల కూడలిలో తలదాచుకున్నారు. గడ్డి ఇళ్లు కట్టుకుని పంటలు వేసుకున్నారు. చుట్టూ కర్రలు పాతి, పైకి వంచి కట్టి, మొత్తం గడ్డితో కప్పిన గుండ్రటి ఇళ్లు అవి. వాటి ఫొటో చూసి అమ్మ "గడ్డిని పొరలు పొరలుగా ఎంత ఒద్దికగా కుట్టారో చూడు నాయనా, చుక్క వాన దిగదు" అంది. వాళ్లతో వ్యాపారం చేయడానికి జెస్సీ చిషోమ్ వచ్చి దగ్గరలో దుకాణం పెట్టాడు. తర్వాత టెక్సస్ నుంచి పశువుల మందలను తోలుకొచ్చిన ప్రసిద్ధమైన బాటకు ఆయన పేరే వచ్చింది. 1867లో కలరా వచ్చి విచిటాలు చాలామంది చనిపోయారు. మిగిలినవాళ్లను మళ్లీ దక్షిణానికి పంపేశారు. ఆ తర్వాత మూడేళ్లకు, 1870లో, అదే చోట తెల్లవాళ్ల ఊరు పట్టణంగా నమోదైంది. పేరు మాత్రం వెళ్లిపోయినవాళ్లదే ఉంచుకున్నారు. రాష్ట్రం కథా ఇంతే. కాన్సా జాతి పేరు కాన్సస్‌కు మిగిలింది, ఆ జాతిని 1873లో ఓక్లహోమాకు తరలించారు.

అమ్మ పుట్టింది కూనవరం దగ్గర. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. పోలవరం నీళ్లు వస్తాయని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయిస్తున్న ప్రాంతం. మ్యూజియంలో ఈ వలసల పటం ముందు చాలాసేపు నిలబడి, "మన కోయవాళ్లను కూడా ఇలాగే లేపేసి, రేపు ఆ గట్టు మీద ఒక విగ్రహం నిలబెడతారు కాబోలు" అంది. మా మేనల్లుడు ఏమీ అనలేదు. నాకూ జవాబు తోచలేదు.

మ్యూజియం మూశాక విగ్రహం చుట్టూ ఉన్న ప్లాజాలోకి వెళ్లండి. దీన్ని చూడటానికి టికెట్ లేదు. రెండు నదుల మీద నుంచి కాలినడక వంతెనలు వస్తాయి. రెండింటినీ తీగల మీద వేలాడదీశారు. విల్లు, బాణం ఆకారం స్ఫురించేలా కట్టారు. కొంచెం దూరం నుంచి, నీటి మట్టానికి దిగి చూస్తే ఆ పోలిక పట్టుబడుతుంది, వంతెన మీద నడుస్తుంటే పట్టుబడదు. మెట్లు లేవు, వాలు నెమ్మదిగా ఉంటుంది, చక్రాల కుర్చీ హాయిగా వెళుతుంది. అసలు విగ్రహం 44 అడుగులు, బరువు అయిదు టన్నులు. 1974లో నిలబెట్టారు. తన శ్రమకు బోసిన్ డబ్బు తీసుకోలేదు. మొదట్లో అది నేలకు దగ్గరగా ఉండేది. నది ఒడ్డును బాగుచేసినప్పుడు ముప్పై అడుగుల రాతి గుట్ట మీదికి ఎత్తారు. వంతెనలు, ప్లాజాతో సహా ఆ పని 2007కు పూర్తయింది.

దగ్గరగా వెళితే ఉక్కు తుప్పుపట్టినట్టు కనిపిస్తుంది. "ఇంత పేరున్నదానికి రంగు వేయరా?" అని అమ్మ అడిగింది. అది కోర్‌టెన్ అనే రకం ఉక్కు. పైపైన పట్టిన తుప్పే లోపలి లోహాన్ని కాపాడుతుంది, రంగు అక్కర్లేదు. ఎండలో అది ఎర్రమట్టి రంగు, నీడ పడ్డ చోట దాదాపు నలుపు. వాన నీరు కారిన చారికలు రాతి మీద అక్కడక్కడా కనిపిస్తాయి. రేకుల మధ్య ఖాళీల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. నడుస్తూ చుట్టూ తిరిగితే ఒక వైపు నుంచి మనిషి, ఇంకో వైపు నుంచి రెక్కలు విప్పిన పక్షి.

ప్లాజాలో రాళ్లు, మైదాన ప్రాంతపు ఔషధ మొక్కలు, గుండ్రంగా కూర్చుని మాట్లాడుకునే చోట్లు ఉన్నాయి. ఇక్కడి జాతుల గురించి ఫలకాలు పెట్టారు. చదవండి. చదివాక నాకు కలిగిన అసంతృప్తి కూడా చెప్పాలి. ఫలకాల్లో గాలి, నీరు, నిప్పు, నేల, ప్రకృతితో మనిషి బంధం వంటి మాటలకు చోటు ఎక్కువ, 1867లో ఏం జరిగిందన్నదానికి తక్కువ. 1865లో ఈ చుట్టుపక్కలే అమెరికా ప్రభుత్వానికీ ఆదివాసి జాతులకూ మధ్య లిటిల్ ఆర్కాన్సస్ ఒప్పందాలు జరిగాయి. రెండేళ్లకే అవి చెల్లకుండా పోయి, గంటన్నర ప్రయాణ దూరంలోని మెడిసిన్ లాడ్జ్‌లో కొత్త ఒప్పందాలు రాయించారు. అందులో సంతకాలు పెట్టినవాళ్లలో బోసిన్ పూర్వులైన కియోవాలు, కమాంచీలు ఉన్నారు. ఈ గొలుసు మొత్తం ఇక్కడ నిలబడి చెప్పగలిగితే విగ్రహం ఎత్తిన చేతులకు అర్థం మారిపోతుంది. ఊరి జెండా చూడండి. 1937 నాటిది, చూడముచ్చటైన జెండా, టీషర్టుల మీదా కాఫీ కప్పుల మీదా ఎక్కడ చూసినా అదే. మధ్యలో సూర్యుడు, దాని మీద హోగన్ గుర్తు, అంటే శాశ్వత నివాసం. హోగన్ నవహోలనే మరో ఆదివాసి జాతి ఇల్లు, విచిటాలది కాదు. ఊరి పేరుకు ఒకరు, జెండాకు ఇంకొకరు, ఇల్లు మాత్రం ఇద్దరికీ లేదు.

రాత్రి మంటలు. వసంతం, వేసవిలో తొమ్మిదింటికి, చలికాలంలో ఏడింటికి వెలిగిస్తారు. గాలి గట్టిగా ఉన్నా, నదిలో నీరు పెరిగినా వెలిగించరు. కాన్సస్‌లో గాలి లేని రోజు దొరకడం అదృష్టమే కాబట్టి ఒక్క రాత్రి మీదే ఆశ పెట్టుకోవద్దు. ఇరవై నిమిషాలు ముందు వెళితే గట్టు మీద చోటు దొరుకుతుంది. ప్లాజాలో మరీ దగ్గర నిలబడితే వేడి మొహానికి తగులుతుంది, విగ్రహం మొత్తం కంటికి ఆనదు. అవతలి గట్టు, ఎక్స్‌ప్లొరేషన్ ప్లేస్ వైపు, మంచిది. నీటిలో మంటల నీడ కూడా పడుతుంది. బుస్సుమని గ్యాసు అంటుకున్న చప్పుడు అక్కడిదాకా వినిపించింది. గుంపులో ఒకాయన గడియారం చూసి "ఇప్పుడే" అనడం, వెనువెంటనే పిల్లల అరుపులు. మంటలు గాలికి ఒక పక్కకు ఒరిగినప్పుడల్లా ఉక్కు రేకుల ఎరుపు కిందినుంచి పైకి పాకినట్టు కనిపించింది. "ప్రైరీ ఫైర్" గీసిన మనిషి విగ్రహం చుట్టూ నిప్పు పెట్టాలన్న ఊహ బాగా కుదిరింది. పదిహేను నిమిషాలకు ఆరిపోయింది, జనం అయిదు నిమిషాల్లో ఖాళీ.

వేసవిలో దోమల మందు రాసుకుని వెళ్లండి. మ్యూజియం మూశాక టాయిలెట్ కోసం వెతుక్కోవాలి కాబట్టి హోటల్లోనే పని చూసుకుని బయలుదేరడం మేలు. నదిని చూసి గోదావరి అనుకోవద్దు. నీరు లోతు లేదు, మట్టిరంగు, ఎండాకాలంలో ఇసుక తేలుతుంది.

తిండి గురించి రెండు ముక్కలు. పిజ్జా హట్ పుట్టింది ఈ ఊళ్లోనే, 1958లో. మొదటి దుకాణం ఉన్న చిన్న ఇటుక ఇంటిని యూనివర్సిటీ ఆవరణలోకి తరలించి మ్యూజియం చేశారు. పిల్లలకు ఇది నచ్చుతుంది, పది నిమిషాల పని. మన వంటల హోటళ్లు ఊళ్లో ఉన్నాయి, బిర్యానీ దొరుకుతుంది, డాలస్‌తో పోల్చకపోతే బాగానే ఉంటుంది. ఊరంతా రంగులేసిన పది అడుగుల చిన్న కీపర్ బొమ్మలు నిలబెట్టారు. ఒకటి విమానం రంగుల్లో, ఒకటి పూలతో. పిల్లలను వెంటబెట్టుకుని వాటిని వెతుకుతూ తిరిగితే ఒక సాయంత్రం గడిచిపోతుంది. నాకు మాత్రం మూడో బొమ్మకే విసుగొచ్చింది.

తిరుగు ప్రయాణంలో నేరుగా టోల్ రోడ్డు ఎక్కకుండా ఆర్కాన్సస్ సిటీ మీదుగా వెళ్లండి. దక్షిణంగా గంట దూరం. వాల్‌నట్ నది వచ్చి ఆర్కాన్సస్ నదిలో కలిసే చోట, 1601లో స్పెయిన్ సేనాని హువాన్ దె ఒన్యాతే చూసిన ఎట్జనోవా పట్నం ఇదేనని విచిటా స్టేట్ యూనివర్సిటీ పురావస్తు శాస్త్రవేత్త డోనాల్డ్ బ్లేక్స్‌లీ తేల్చారు. విచిటాల పూర్వులు ఇరవై వేల మంది దాకా ఇక్కడ ఉండేవారని అంచనా. విచిటాలు ఎక్కడి నుంచో వచ్చి నాలుగేళ్లు తలదాచుకుపోయిన కాందిశీకులు కారని, అంతకు రెండున్నర శతాబ్దాల ముందే ఈ నది ఒడ్డున వాళ్లకు పెద్ద పట్నమే ఉండేదని ఇక్కడికి వస్తే తెలుస్తుంది. చూడటానికి మాత్రం విగ్రహం లేదు, మంటలు లేవు. పొలాలు, ఇళ్ల పెరళ్లు, గోల్ఫ్ మైదానం, వాటి కింద పట్నం. ఎట్జనోవా కన్సర్వెన్సీ వాళ్లు మనిషిని ఇచ్చి తిప్పుతారు, ముందే చెప్పి పెట్టుకోవాలి. చెప్పకుండా వెళితే తవ్వకాల్లో దొరికిన రాతి పనిముట్లు నాలుగు చూసి రావడమే. చెకుముకి రాతితో చేసిన, బొటనవేలంత గీకుడు పనిముట్లు అవి. బైసన్ అనే అడవి దున్నల తోళ్లను గీకి శుభ్రం చేసేవారట. అంచు ఇప్పటికీ పదునుగా ఉంది. మంటల దగ్గర నిద్రముఖం పెట్టిన అమ్మ ఇక్కడ మాత్రం గైడును వదలకుండా అడుగుతూనే ఉంది. అన్నీ తెలుగులోనే, మధ్యలో దుబాసీ పని మేనల్లుడిది.

విచిటా భాష ధారాళంగా మాట్లాడగలిగిన చివరి మనిషి డోరిస్ మెక్లెమోర్ 2016లో పోయారు. జాతి మాత్రం పోలేదు. వాళ్ల ప్రభుత్వ కార్యాలయాలు, వాళ్లే నడుపుకునే చరిత్ర కేంద్రం అనడార్కోలో ఉన్నాయి. ఓక్లహోమా సిటీ నుంచి నైరుతిగా గంటకు పైగా ప్రయాణం, డాలస్ దారికి పెద్ద దూరం కాదు. అయితే మాకు ఆ పూట ఆదివారం అయిపోయింది. అనడార్కోకు దసరా సెలవుల్లాంటి సమయం చూసుకుని విడిగా వెళ్లాలి. వారపు రోజు చూసుకోమని, తెరిచి ఉందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోమని మేనల్లుడికి అప్పజెప్పాను.